చేపలకు సారె

ఆర్.ఎస్. పురంలో మా అత్త పనిచేసే బంగళావాళ్ళు బొంబాయికి మకాం మారుస్తూ, పోయేముందు ఆమెను పిలిచి, ఇన్నాళ్ళు మాకు చేశావు కదా, ఈ ఇంట్లో నీకేం కావాలో అడుగు అన్నారట. ఆ ఇంట్లో కుట్టుమిషను ఉంది. ఇత్తడి గంగాళం ఉంది. రెండు తలుపుల ఇనప బీరువా ఉంది. బుర్ర ఉన్న మనిషి వీటిలో ఏదో ఒకటి అడుగుతుంది. మా అత్త సెల్లమ్మాళ్ హాల్లో కిటికీ పక్కనున్న గాజుపెట్టె చూపించి, అందులో చేపలతో సహా అదే కావాలంది.

నేను మిల్లులో ఫస్ట్ షిఫ్ట్ ముగించుకుని, తలనిండా దూది నలుసులతో ఇంటికొచ్చేసరికి ఆ పెట్టె మా ముందుగదిలో బల్ల మీద ఉంది. బల్ల మీదుండాల్సిన బియ్యం డబ్బా నేల మీదికి దిగింది. అత్త పెట్టెకెదురుగా పీట వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఏందత్తా ఇది?"

"సేపలు. కనబడలే?"

"కనబడతా ఉండాది. కుట్టుమిషను ఏంటికి అడగలేదు నువ్వు?"

"కుట్టుమిషను తోకాడిస్తాదా?" అంది అత్త, నా వైపు తిరక్కుండానే.

నాకు ఒళ్ళు మండింది. నా రవికలు చేత్తో కుట్టుకుని వేళ్ళు బొబ్బలెక్కుతుంటే ఈమెకు తోకలు కావాల్సి వచ్చాయి. కానీ ఆ పూట అన్నం తింటూ ఆమె ఒక మాట అంది. "ఆ గాజును దినామూ నిలబడి తుడిసినాను కన్నా. ఒకనాడైనా ఆడ కూసోని సూడలేదు." ఆ తర్వాత కుట్టుమిషను సంగతి నేను ఎత్తలేదు. ఎత్తలేదంటే, ఆమె ముందు ఎత్తలేదు.

మాది కోయంబత్తూరులో మిల్లు లైను. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, వరసకొక కప్పు, ఒక్కో ఇంటికి ముందొక గది, వెనకొక వంటిల్లు, పెరట్లో వాడుక నీళ్ళకు ఒక సిమెంటు తొట్టి, అందరికీ కలిపి ఒక కుళాయి. మా లైన్లో ఉన్నవాళ్ళందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. ఏ రాజుల కాలంలో ఇటొచ్చామో మాకెవరికీ తెలీదు. బజారులో తమిళం, మిల్లులో మిషన్ల పేర్లకు ఇంగ్లీషు, తిట్టుకోవడానికి మాత్రం తెలుగు.

మా ఇల్లు నా పేరు మీద ఉంది. ఈ మాట నేను ఎక్కడైనా కాస్త గట్టిగానే చెబుతాను. మా ఆయన మాయాండి పెళ్ళిళ్ళకూ చావులకూ తప్పెట కొడతాడు. ఆయన వాయిస్తుంటే కాళ్ళు నిలవవు కానీ, తప్పెటకు ఎవరూ క్వార్టర్ ఇవ్వరు. నూలు చుట్టే వైండింగ్ డిపార్ట్‌మెంట్‌లో నేను పర్మనెంట్ అయ్యాక మిల్లువాళ్ళు ఆ ఇల్లు నాకిచ్చారు. అంతకు ముందు నొయ్యల్ ఒడ్డున గుడిసెలో ఉండేవాళ్ళం. వానొస్తే మా పెళ్ళినాటి చాప మీద నది పడుకునేది, మేము నిలబడేవాళ్ళం. లైన్లో ఆడమనిషి పేరు మీదున్న ఇల్లు నాదొక్కటే. అది పోతే మళ్ళీ ఆ ఒడ్డుకే.

పక్కింటి ఆరాయికి ఆ ఇంటి మీద కన్ను. ఆమె కొడుకుకు కొత్తగా పెళ్ళయింది. ఉన్న ఒక్క గదికీ అడ్డంగా పాత చీర కట్టి, అటు కొడుకూ కోడలూ, ఇటు తనూ మొగుడూ పడుకుంటున్నారు. ఆమెకు ఇంకో ఇల్లు కావాలి. కోరికలో తప్పేం లేదు. ఆ కోరిక పోయి పోయి నా గోడ మీద వాలడమే తప్పు.

ఇక చేపల సంగతి. అవి చిటికెన వేలంత ఉండేవి. మగవాటికి నెమలి రంగుల తోకలు. ఆడవి లావుగా, రంగూ రూపూ లేకుండా, మా వైండింగ్‌లో షిఫ్ట్ దిగిన ఆడవాళ్ళలా ఉండేవి. బంగళా అమ్మగారు వాటిని గప్పీలు అనేదట. వచ్చిన కొన్నాళ్ళకే ఒకదాని కడుపు బాగా ఉబ్బింది. ఒక పొద్దున నేను టిఫిన్ క్యారియర్ సర్దుకుంటుంటే అత్త కేక పెట్టింది.

"రామాయీ! గుడ్డు పెట్టలేదే ఇది! బిడ్డనే కంటా ఉండాది, మన మాదిరి!"

నేనూ వెళ్ళి చూశాను. నిజమే. నలకంత పిల్లలు ఒక్కొక్కటే బయటపడి ఈదుకుంటూ పోతున్నాయి. అబద్ధమెందుకు, నాకూ ముచ్చటేసింది. అంతలో ఆ తల్లి గిర్రున వెనక్కి తిరిగి, ఒక పిల్లను గుటుక్కున మింగింది. పక్కనున్న మగది ఇంకోదాన్ని మింగింది. అత్త రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

బంగళాలో అన్నేళ్ళూ ఆ చేపలు పెరగకుండా తరగకుండా ఉండటానికి కారణం ఇదేనని మాకప్పుడు తెలీదు. అత్తకు తెలిసినా వినేది కాదు. ఆమె లెక్క వేరు. పచ్చి బాలింతకు కన్న వెంటనే తిండి పెట్టలేదు, చాటు కల్పించలేదు, మగవాళ్ళ మధ్యే కనమన్నాము, మరి దానికి మతి చలించదా? తప్పు మనది.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో చేపలకు పురుళ్ళు మొదలయ్యాయి. కడుపు ఉబ్బిన చేపను అత్త గుంట గరిటతో జాగ్రత్తగా పట్టి, విడిగా ఒక హార్లిక్స్ సీసాలోకి దించేది. సీసా మెడకు వేపరెమ్మ కట్టేది. చుట్టూ తన పాత చీర ముక్క కప్పేది, ఎవరి కళ్ళూ పడకుండా. పిల్లలు పుట్టగానే తల్లిని ఇంకో సీసాలోకి మార్చి, ఉడికిన గుడ్డు సొన నలిపి వేసేది. పిల్లలకు వేరే సీసా. చంటిబిడ్డకు తలంటి పట్టినట్టు సాయంత్రం ఆ సీసాల మీదుగా సాంబ్రాణి పొగ కూడా పట్టేది. లైన్లో సగం మంది పిల్లలకు పురుడు పోసిన చేతులవి. ఆ చేతుల్లో ఒక్క పిల్ల చావలేదు.

ఒక్కటీ చావకపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. హార్లిక్స్ సీసాలు నిండాయి. ఊరగాయ జాడీ నిండింది. రుబ్బురోలు గుంటలో నీళ్ళు పోసి అందులో కొన్నింటిని వదిలింది, నేను పిండి రుబ్బడానికి పక్కింటికి పోవాల్సి వచ్చింది. పుట్టిన ఆడపిల్లలు పెరిగి తామూ కడుపులు ఉబ్బించుకుని తిరగసాగాయి. ఆఖరికి పెరట్లో తొట్టి కూడా వాటిదే అయింది. ఒకరోజు మాయాండి తప్పెట కొట్టి అలిసిపోయి వచ్చి, చీకట్లో చెంబెత్తి గటగటా తాగబోయి, ఉమ్మేసి, దీపం తెమ్మని అరిచాడు. చెంబులో తోకొకటి ఆడుతోంది.

"అమ్మా! నేను ఈ ఇంట్లో తాగేదానికి నీళ్ళు యాడుండాయో సెప్పు!"

"మెల్లగా అరవరా, పసిబిడ్డలు బెదురుతాయి," అంది అత్త.

నేను ఇక ఊరుకోలేదు. మా మిల్లులో వైండింగ్ అంతా ఆడవాళ్ళు, దూది దులిపే బ్లోరూమంతా మగవాళ్ళు. ఎవరి డిపార్ట్‌మెంట్ వాళ్ళది. అదే పద్ధతి ఇంట్లోనూ పెడదామనుకున్నాను. ఒక ఆదివారం పిండి జల్లెడ తీసుకుని, రంగు తోకలన్నిటినీ ఒక పక్కకూ, రంగు లేని లావువాటినన్నిటినీ ఇంకో పక్కకూ వేరుచేశాను. నడుం పడిపోయింది. చేతులు కడుక్కుని, ఇక ఎవరెలా కంటారో చూస్తానన్నాను.

కన్నాయి. మగపురుగు లేని జాడీలో, ఆడవి ఆడవే ఉండి, మళ్ళీ కన్నాయి. ఆ తర్వాతి నెలా కన్నాయి. టౌన్‌హాల్ దగ్గర రంగుచేపలమ్మే అంగడివాడు తర్వాత చెప్పాడు, ఒక్కసారి జతకట్టిన గప్పీ నెలల తరబడి మగతోడు లేకుండానే కంటుందని. పైగా, ఈ జాతి నా దగ్గరే పొర్లిపోతోంది, దయచేసి తేవద్దని నవ్వాడు. కానీ ఆ సంగతి మాకు తెలిసేలోపే ఆరాయి గోడ మీదుగా చూడవలసింది చూసింది. కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి గొంతెత్తింది.

"మగదిక్కు లేని జాడీలో నెలనెలా పురుడంటనే! ఏం ఇల్లమ్మా ఇది! సిన్నపిల్లలుండే లైన్లో ఇదేం ఆట, ఇదేం కూత్తు!"

ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. నా బిందె నిండకుండానే తీసేసి, నేను ఆమె మొగుడి పుట్టుక దాకా వెళ్ళాను. ఆమె మా ఆయన తప్పెట దాకా వచ్చింది. ఇద్దరం జుట్లు పట్టుకోలేదంటే, చేతుల్లో బిందెలుండబట్టే. ఆనాటి నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు.

మాటలు మానేసిన ఆరాయి నాతో మాట్లాడాల్సింది లేబర్ ఆఫీసరుతో మాట్లాడింది. లైన్లో ప్రాణులు పెంచకూడదని మిల్లు రూలు ఒకటుంది. ఎప్పుడో ఎవరి మేకో ఆరేసిన చీరలు తినేసిందని పెట్టారు. ఆఫీసరు తమిళాయన, పేరు నారాయణన్, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. మా గడపలో నిలబడి సీసాలు, జాడీ, రోలు, తొట్టి అన్నీ చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎన్నమ్మా ఇదు, ఇల్లా లేక చెరువా?" అన్నాడు తమిళంలో. "ఆయుధపూజకు ముందు లైనుకు సున్నం కొట్టిస్తాం. ఆ తనిఖీకి నేనే వస్తాను. అప్పటికి ఈ ఇంట్లో ఒక్క ప్రాణి కనబడినా ఇల్లు ఖాళీ చేయాల్సిందే. ఇంటికోసం అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు."

గోడవతల ఆరాయి బిందె చప్పుడు ఆగింది. వింటోందని నాకు తెలుసు. ఆ రాత్రి నాకు నొయ్యల్ ఒడ్డు తప్ప ఇంకేమీ కళ్ళముందుకు రాలేదు.

మర్నాడు అత్తతో చెప్పాను. అన్నిటినీ బకెట్లలో పోసుకుని సింగానల్లూరు చెరువులో వదిలేద్దామన్నాను. గాజుపెట్టె కూడా ఎవరికైనా ఇచ్చేద్దామన్నాను.

"చెరువులో కొంగలుండాయి," అంది అత్త.

"ఉండనీ."

"పురుడు పోసిన సేత్తో కొంగకిచ్చేదా? నా వల్ల కాదు. అంత అవసరమైతే నన్నూ ఆ బకెట్లో ఏసుకోని పో."

ఆమె బెదిరించడానికి అనలేదు. ముఖం చూస్తే తెలిసింది. అన్నం మానేసి ఆ పీట మీద కూర్చుంది. మాయాండి అమ్మను చూశాడు, నన్ను చూశాడు, తప్పెట వెచ్చచేసుకోవాలని పెరట్లోకి పోయాడు. అమ్మ ప్రాణం ఒక వైపు, ఇల్లు ఒక వైపు, నేను మధ్యలో. ఆ ముసలిదాని మీద నాకెంత కోపమొచ్చిందో అంత జాలీ వేసింది. జీవితంలో ఆమె నోరు తెరిచి అడిగింది ఆ పెట్టె ఒక్కటే.

లైన్లో ఎవరికైనా ఇద్దామని ఇంటింటికీ తిరిగాను. ఎవరూ తీసుకోలేదు. ఆఫీసరు తరిమేస్తాడని ఒకరు, ఆ చేపల నడత మంచిది కాదట కదా అని ఇంకొకరు. ఆరాయి నోరు నా కాళ్ళకంటే ముందే అన్ని ఇళ్ళూ తిరిగింది మరి.

ఆ మర్నాడే చివరింట్లో కొత్తకోడలు రాసాత్తికి అవినాశి నుంచి పుట్టింటి సారె వచ్చింది. దాన్నే మేము సీరు అని కూడా అంటాం. పళ్ళేల్లో అరటిపళ్ళు, అతిరసాలు, మురుకులు, పసుపు, తమలపాకులు. రాసాత్తి అత్త పద్ధతి ప్రకారం ఇంటింటికీ పంచుతూ వచ్చింది. ఆరాయికీ ఆ ఇంటికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది, ఒకప్పుడు పోలీసు స్టేషను దాకా వెళ్ళినవాళ్ళు. అయినా పళ్ళెం గడపలోకి రాగానే ఆరాయి కొంగు సవరించుకుని రెండు చేతులతో అందుకుంది. లోపలికి పోయి పళ్ళెంలో పిడికెడు బియ్యం వేసి తిరిగిచ్చింది. సారె కాదంటే ఆ ఇంటి ఆడబిడ్డనే కాదన్నట్టు. మా వాళ్ళలో అది ఎవరూ చెయ్యరు. వట్టి పళ్ళెం తిప్పి పంపడమూ చెయ్యరు. బియ్యం వేసి పంపారంటే ఆ బిడ్డ మంచిచెడ్డలు ఇక మావి కూడా అని ఒప్పుకున్నట్టే.

నేను నోట్లో మురుకు పెట్టుకుని అది చూస్తూ నిలబడ్డాను. మురుకు నమలడం మరిచిపోయాను.

సాయంత్రం అత్త పక్కన నేల మీద కూర్చున్నాను.

"అత్తా, పురుటికి పుట్టింటికొచ్చిన బిడ్డను ఎన్నాళ్ళు పెట్టుకోవాల?"

"మూడో నెల వరకూ. మీరితే ఐదో నెల."

"ఆమీద?"

"ఆమీద ఏముండాది, అత్తోరింటికి పంపేదే."

"పంపకుండా పెట్టుకుంటే?"

"నాలుగిళ్ళోళ్ళు నవ్వుతారు. బిడ్డ బతుకు సెడిపోతాది..."

వరసగా ఉన్న సీసాల వంక చూశాను. అత్త కూడా చూసింది. ఆమెకు అర్థమైన క్షణం నాకు తెలిసింది, ఎందుకంటే కళ్ళు చిన్నవి చేసి నన్ను కొట్టేటట్టు చూసింది. తర్వాత మూడు పూటల నుంచీ ముట్టని కంచం దగ్గరికి లాక్కుంది.

"సీరు లేకుండా మాత్రం నా బిడ్డల్ని గడప దాటనియ్యను," అంది, అన్నం కలుపుకుంటూ.

నా అత్తను ఓడించడం ఈ జన్మలో జరగదనుకున్నాను. జరిగింది. నేను వంటింట్లోకి పోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

తనిఖీకి ముందు వచ్చిన ఆదివారం పొద్దున మా ఇల్లు పెళ్ళింటిలా ఉంది. సీసాలన్నీ బూడిదతో తోమి, అంచులకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాం. ఒక్కో సీసాలో కడుపుతో ఉన్న ఆడది ఒకటి, రంగుతోక మగది ఒకటి, వాటి చుట్టూ కొన్ని పిల్లలు. మెడకు కనకాంబరాల దండ. పళ్ళెంలో సీసా, పక్కన తమలపాకులు, వక్క, అరటిపండు, నేను రాత్రి చేసిన కొబ్బరి ఉండ. పాత జంటను మాత్రం అత్త గాజుపెట్టెలోనే ఉంచుకుంది. పెద్దముత్తైదువ ఇంట్లో ఉండాలి కదా అంది. అత్త తన పట్టంచు చీర కట్టుకుంది. నేను ఆమెను ఆ చీరలో చూడటం నా పెళ్ళి తర్వాత అదే.

మాయాండి తన జట్టును పిలుచుకొచ్చాడు. గడప బయట తప్పెట మీద మొదటి దెబ్బ పడింది.

లైన్లో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. సెలవురోజు, అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. ముందు మాయాండి జట్టు, వెనక పళ్ళెం పట్టుకుని అత్త, ఆమె వెనక తలమీద గంపతో నేను. అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. మొదటిల్లు ఆరోగ్యసామిది. ఆయన బ్లోరూములో పనిచేసే పెద్దాయన, ఆదివారం పూజకు చర్చికి పోయి వచ్చి ఇంకా చొక్కా విప్పలేదు.

"ఏంది సెల్లక్కా, మేళం?"

"నా బిడ్డ అత్తోరింటికి వస్తా ఉండాది తమ్ముడా. సీరు తెచ్చినాను."

ఆరోగ్యసామి సీసాలోకి చూశాడు. వెనక నుంచి ఆయన భార్య కూడా చూసింది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆఫీసరు మాట అందరికీ తెలుసు. ఆయన చొక్కా అంచుకు చేతులు తుడుచుకుని, రెండు చేతులూ చాచాడు.

"వచ్చిన బిడ్డను వద్దంటామా అక్కా. ఏసయ్య సల్లగా సూస్తాడు. తే."

ఆయన భార్య లోపలి నుంచి పిడికెడు బియ్యం తెచ్చి పళ్ళెంలో వేసింది. ఇక తప్పెట జోరు చూడాలి. రెండో ఇల్లు తీసుకుంది, మూడోది తీసుకుంది. ఎదురింటి ముసలమ్మ, ముందు వద్దన్నామె, ఇప్పుడు కోడల్ని కేకేసి పెద్ద గిన్నె తెమ్మంది. అత్త ప్రతి ఇంటి తొట్టి దగ్గరికీ పోయి చేతులతో చేపలను దించుతూ, గుడ్డు సొన ఇంత వెయ్యండి, కడుపు ఉబ్బితే వేరుగా పెట్టండి అని అప్పగింతలు చెప్పింది. ఒక ఇంట్లో చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆ ఇంటామె కూడా ఏడ్చింది. నేను ఏడవలేదు, నా తలమీద గంప ఉంది.

ఇటు వైపు వరసలో ఆఖరున మిగిలింది ఆరాయి గడప. తప్పెట దానంతటదే ఆగింది. లైను మొత్తం మా వెనకే ఉంది. ఆరాయి తలుపు తెరిచే ఉంది, ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. కోడలు వెనక నుంచి తొంగి చూస్తోంది.

అత్త పళ్ళెం ముందుకు చాచింది. "ఆరాయీ, నా బిడ్డను నీ ఇంటికి ఇస్తా ఉండాను. నిండు కడుపు. నువ్వే సూసుకోవాల."

ఆరాయి నన్ను చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు. ఏమనుకుంటోందో నాకు తెలుసు. ఈ సీసా తీసుకుంటే ఇల్లు చేజారుతుంది. తీసుకోకపోతే మా వాళ్ళలో సారె కాదన్న మొదటి మనిషి తానే అవుతుంది, కొత్తకోడలు చూస్తుండగా.

నడుం మీది చెయ్యి దిగింది. కొంగు సవరించుకుంది. రెండు చేతులతో పళ్ళెం అందుకుంది. లోపలికి వెళ్ళినామె ఎంతకీ రాదు. వచ్చినప్పుడు పళ్ళెంలో బియ్యం ఉంది, పసుపుకొమ్ము ఉంది, ఒక బెల్లం గడ్డ కూడా ఉంది. నా వైపు చూడకుండా పళ్ళెం అత్త చేతిలో పెట్టింది. మాయాండి ఆ రోజు కొట్టినంత గట్టిగా ఏ పెళ్ళిలోనూ కొట్టలేదు.

తనిఖీ రోజు ఆఫీసరు నారాయణన్ నేరుగా మా ఇంటికే వచ్చాడు. గాజుపెట్టెలో పాత జంట తోకలాడిస్తోంది. అత్త పీట మీద నుంచి లేవలేదు.

"నేను చెప్పాను కదమ్మా," అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది.

"సెప్పినారు సార్. రూలంటే అందరికీ రూలే కదా. అన్ని ఇళ్ళూ సూసి రండి, ఆమీద నేను మూట కట్టుకుంటాను," అన్నాను.

ఆయన ఆరోగ్యసామి తొట్టిలోకి వంగి చూశాడు. నిటారుగా లేచాడు. పక్కింటి తొట్టి చూశాడు. దాని పక్కింట్లో కుండ మూత తీసి, మళ్ళీ వేశాడు. ఎదురువరసలోకి దాటాడు. ఒక్కో ఇల్లూ దాటుతుంటే ఆయన నడక మెల్లబడింది. ఆడవాళ్ళు ఎవరి గడపల్లో వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆఖరికి ఆరాయి పెరట్లోకి వచ్చాడు, వెనకే మేమందరమూ. తొట్టిలో చూసి, ఆమె వైపు వేలు చూపించాడు.

"ప్రాణులు పెంచుతున్నారని నా దగ్గరికొచ్చి చెప్పింది నువ్వే కదమ్మా!"

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. చెప్పింది ఎవరో అందరూ ఊహించిందే, కానీ ఇప్పుడు చెవులతో విన్నారు. ఆరాయి ముఖం నల్లబడింది. ఇక ఏదో ఒకటి బొంకుతుందనుకున్నాను. ఆమె బొంకలేదు.

"ఆమాం సార్, నేనే సెప్పినాను. అప్పుడది వాళ్ళింటి సేప. ఇప్పుడు మా ఇంటి బిడ్డ. ఈ పొద్దు తెల్లారేటప్పుడే నా తొట్టిలో పురుడైనాది, సూడండి, నీళ్ళింకా మార్చలేదు. పచ్చి బాలింతను రోడ్డు మీదికి తోలమంటారా? తోలను సార్. ఖాళీ సేయమంటే నన్నూ సేయించండి."

"నన్నూ," అన్నాడు ఆరోగ్యసామి మా వెనక నుంచి.

"మమ్మల్నీ," అంది ఎదురింటి ముసలమ్మ, చెవులు సరిగా వినపడకపోయినా.

నేను ముందుకొచ్చాను. "మొత్తం లైనుకూ ఒకేసారి ఆర్డర్ రాయండి సార్. రేపు ఫస్ట్ షిఫ్ట్‌కు మిల్లు సంగు కూసినప్పుడు మిషన్ల దగ్గర మీరొక్కరే ఉంటారు."

నారాయణన్ మా అందరినీ చూశాడు. తొట్టిలోకి మళ్ళీ వంగాడు. ఈసారి చాలాసేపు చూశాడు. పోయిన ఏడాది అదే నెలలో ఆయన ఆ తొట్టిలో దోమ పురుగులు చూపించి ఆరాయిని కేకలేశాడు. ఇప్పుడు ఆ నీళ్ళలో చేపలు ఒక్క పురుగునూ మిగల్చలేదు. ఉన్నవన్నీ చేపపిల్లలే. లేచి, కళ్ళజోడు తుడుచుకుని, సున్నం కొట్టేవాళ్ళ వైపు తిరిగాడు.

"రూలు మేకలకూ కోళ్ళకూ పెట్టింది. నీళ్ళలో ఉన్నవాటి గురించి నాకు పైనుంచి ఏమీ చెప్పలేదు," అన్నాడు తమిళంలో, ఎవరినీ చూడకుండా. "తొట్లలో సున్నం నీళ్ళు పడకుండా కొట్టండి."

లైను లైనంతా గోల గోలగా అరిచింది. మాయాండి తప్పెట కోసం ఇంట్లోకి పరిగెత్తాడు. అత్త పీట మీద నుంచే ఏమైందని అడుగుతోంది, చెప్పే ఓపిక ఎవరికీ లేదు. నా ఇల్లు నాదే. నాకు గాలిలో ఎగిరినంత పనైంది. ఎవర్ని పట్టుకుని ఊపెయ్యాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

ఆరాయి తన తొట్టి అంచు మీద చేతులు ఆనించి వంగి ఉంది. ఎన్ని నెలలుగానో ఆమె కోసం నేను దాచిపెట్టుకున్న మాటలు ఉన్నాయి. అన్నీ పదునైనవే. ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. నేను దగ్గరికి పోయాను. ఆమె తల ఎత్తింది.

"ఏమే రామాయీ, ఇంత సిన్నబిడ్డలకు గుడ్డు సొన ఎంత నలిపి వెయ్యాల? నా కోడలు ఎక్కువేస్తే నీళ్ళు సెడిపోతాయని బయపడతా ఉండాది."

నా నోట్లో ఒక్క తిట్టూ మిగల్లేదు. వెతికాను కూడా.

"ఉడికిన గుడ్డు ఉండాదా ఇంట్లో?" అని అడిగాను.

"ఉండాది."

"రా, సూపిస్తాను," అని చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఆరాయి గడప దాటి లోపలికి వెళ్ళాను.